అవతారిక: మాట వెనుక కథ

'దాటు' అనే అర్థమున్న 'తౄ' ధాతువుకు 'అవ' అనే ఉపసర్గ, అంటే ధాతువు ముందు చేరి అర్థాన్ని మార్చే శబ్దం, కలిస్తే 'దిగు' అనే అర్థం వస్తుంది. దేవుడు భూమికి దిగిరావడాన్ని తెలిపే పురాణాల 'అవతారం', పాఠకుణ్ణి విషయంలోకి దింపే 'అవతారిక' ఈ మూలం నుంచే పుట్టాయి. సంస్కృత వ్యాఖ్యాతలు శ్లోకానికి ముందు సందర్భాన్ని తెలిపే వాక్యాన్ని అవతారిక అంటే, తెలుగులో అది కావ్యారంభ భాగమంతటికీ పేరైంది. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతిపతి, అనగా కావ్యాన్ని అంకితం పుచ్చుకునేవాడి, వంశవర్ణన అందులో సాగి, అతని విశేషణాలను 'కున్', 'కిన్' ప్రత్యయాలతో ముగించే షష్ఠ్యంతాలతో పూర్తవుతాయి.

అవతారికలో విద్యార్థి నిలిచి చూడవలసింది కల. తిక్కన మహాభారతంలోని విరాటపర్వారంభంలో హరిహరనాథుడు కలలో కనిపించి కృతిని కోరగా, ఆముక్తమాల్యదలో శ్రీకాకుళాంధ్రవిష్ణువు శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నంలో సాక్షాత్కరించి తెలుగులోనే కావ్యం రాయమని ఆదేశిస్తాడు. రాయల కల కేవలం భక్తి ప్రకటన కాదు. సంస్కృతంలో రాయగల రాజు తెలుగును ఎందుకు ఎంచుకున్నాడన్న ప్రశ్నకు దైవం నోట సమాధానం చెప్పించిన గొప్ప కథనశిల్పం. ఎవరి కోసం, ఏ భాషలో, ఎందుకు రాస్తున్నామో తొలి పుటల్లోనే తేల్చే ఈ పని నేటి వ్యాసాలలో ఉపోద్ఘాతానికి, గ్రంథాలలో పీఠికకు సంక్రమించింది.