చేప మందు: నమ్మకం వేరు, నిదానం వేరు

ఉబ్బసం ఉన్న పిల్లవాడు ఇంట్లో ఉంటే, రియాదులో ఇసుకగాలి లేచినప్పుడల్లా మనకు ఊరి పెద్దల మాట గుర్తొస్తుంది: "మృగశిరకు హైదరాబాదు తీసుకురండి, చేప మందు వేయిద్దాం." ఆ మందు కథ ఒకసారి తెలుసుకుందాం.

బత్తిని కుటుంబం చెప్పే ప్రకారం, 1845లో ఒక సాధువు పాతబస్తీ వాసి వీరన్న గౌడుకు ఈ మందు రహస్యం చెప్పి, ఉచితంగానే ఇవ్వాలని మాట తీసుకున్నాడట. మృగశిర కార్తె ప్రవేశించే రోజున పసుపుపచ్చని ముద్దను బతికున్న కొర్రమీను పిల్ల నోట పెట్టి రోగి చేత మింగిస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. వరుసగా మూడేళ్ళు వేయించుకోవాలి, పథ్యం ఉండాలి. దూద్‌బౌలి ఇంటి నుంచి పంపిణీ తర్వాత నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది.

జనం ఎందుకు వస్తారు? డబ్బు అడగని చెయ్యి, కార్తె నాటి చేపల ఆచారం, పక్కన తనలాంటి వేలమంది. ఆ ఓదార్పు ఆస్పత్రి చీటీలో దొరకదు. దాన్ని మనం తేలిగ్గా తీసివేయరాదు.

అయితే గుణం సంగతి వేరు. ఉబ్బసం తనంతట తానే హెచ్చుతూ తగ్గుతూ ఉండే జబ్బు. బాగా ముదిరినప్పుడు మందుకు వెళితే, తర్వాత వచ్చే తెరిపి మందు ఖాతాలో పడుతుంది. జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు రుజువు అడిగాయి, కోర్టుల్లో వాదించాయి. చివరికి "మందు" పోయి "చేప ప్రసాదం" అన్న పేరు నిలిచింది. మందును పరీక్షకు పెట్టవచ్చు. ప్రసాదాన్ని పరీక్షించమని ఎవరు అడుగుతారు?

మనం ఉంటున్న దేశాన్నే చూడండి. ఇక్కడి హిజామాకు ప్రవక్త సంప్రదాయపు గౌరవం ఉంది. కొమ్ముతో నెత్తురు తీయడం మన సుశ్రుతుడూ చెప్పినదే. అయినా సౌదీ ప్రభుత్వం భక్తి ఉందని ఊరుకోలేదు. ఆరోగ్యశాఖ కింద 2008లో ప్రత్యామ్నాయ వైద్యానికి జాతీయ కేంద్రం పెట్టి, హిజామా చేసేవారికి లైసెన్సు ఉండాలన్నది. లైసెన్సు శుభ్రతకు పూచీ పడుతుంది. జబ్బు నయమవుతుందని కాదు. ఆ తేడా మనం గుర్తుంచుకోవాలి.

కనుక పెద్దల మాట కాదనలేక చేప ప్రసాదం పుచ్చుకుంటే పుచ్చుకోండి. కానీ బతికున్న చేప చిన్నపిల్లల గొంతులో అడ్డుపడవచ్చు, జాగ్రత్త. పథ్యం పేరుతో డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ మాత్రం ఒక్క పూట కూడా మానవద్దు. ఆయాసం వచ్చిన రాత్రి పిల్లవాడికి ఊపిరి ఆడించేది అదే.