టైరు అరుగుదల, టైరు వయస్సు

అరిగిన టైరును గుర్తుపట్టడానికి శాస్త్రజ్ఞానం అక్కరలేదు. గాడులు మాసిపోయి నున్నబడిన టైరును చిన్నపిల్లవాడు కూడ చూపించగలడు. కాని గాడులు నిండుగా ఉండి, పైకి నల్లగా నిగనిగలాడుతూ, లోపల మాత్రం బలహీనపడిన టైరు సంగతి వేరు. అరుగుదల ఒకటి, వయస్సు మరొకటి అనే ఈ సత్యాన్ని మనుష్యులు ఒక్కనాటిలో గ్రహించలేదు.

రబ్బరు పాడవుతుందనే అనుభవం రబ్బరు పరిశ్రమతోనే పుట్టినది. పచ్చి రబ్బరు ఎండలో జిగురుగా మారేది, చలిలో బిరుసెక్కేది. 1830 దశకంలో చార్లెస్ గుడ్‌ఇయర్ అమెరికా తపాలా శాఖ కోసం రబ్బరు సంచులు తయారుచేసినాడు. చూడడానికి అవి చక్కగానే ఉన్నవి. కాని వేసవి వేడికి అవి పాడైపోయినవి. పైమెరుగును నమ్మరాదని రబ్బరు నేర్పిన మొదటి పాఠమిదే. 1839లో గంధకం కలిపిన రబ్బరు వేడిపొయ్యికి తగిలి, కరగకుండ తోలువలె గట్టిపడడం ఆయన గమనించినాడు. ఆ పద్ధతికి 1844లో అమెరికాలో పేటెంటు లభించినది. అదే కాలంలో ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ కూడ పేటెంటు సంపాదించినాడు.

ఈ పద్ధతిలో జరిగేదేమిటి? రబ్బరు అణువులు పొడవైన గొలుసులవంటివి. వేడిలో గంధకం ఆ గొలుసుల మధ్య వంతెనలు కడుతుంది. అందుచేతనే రబ్బరు సాగినా మరల తన రూపానికి వస్తుంది. అయితే గొలుసులలో జంట బంధాలు ఇంకను చాలా మిగిలిపోతవి. గాలిలోని ఆమ్లజని, ఓజోను అక్కడనే తమ పని మొదలుపెడతవి. కొన్నిచోట్ల గొలుసులు తెగుతవి. కొన్నిచోట్ల అదనపు వంతెనలు పడి రబ్బరు బిరుసెక్కుతుంది. ఇదే రబ్బరు వృద్ధాప్యం.

గాలి నింపిన టైరుకు 1845లో రాబర్ట్ థామ్సన్ పేటెంటు పొందినను అది వాడుకలోనికి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టులోని పశువైద్యుడు జాన్ డన్‌లప్ దానిని మరల కనిపెట్టిన పిదపనే ప్రచారంలోనికి వచ్చినది. తొలినాటి టైర్లు త్వరగా అరిగేవి, తరచు పగిలేవి. వేల్సులోని లానెల్లి పట్టణంలో స్టెప్నీ వీధినుండి 1904 ప్రాంతాన అదనపు చక్రాల వ్యాపారం మొదలైనది. మన డ్రైవర్ల నోట నేటికీ వినవచ్చే ‘స్టెప్నీ’ అనే మాట అక్కడిదే. ఆనాటి టైరుకు ముసలితనం వచ్చేంత ఆయుర్దాయం లేదు. గనుక దాని వయస్సును గురించి ఎవరూ ఆలోచించలేదు.

1940 దశకంలో లాస్ ఏంజెలిస్ నగరాన్ని పొగమంచువంటి మలినమైన గాలి కమ్ముకొన్నది. అక్కడ రబ్బరు వస్తువులు త్వరగా బీటలు వారసాగినవి. వాహనాల నుండి, చమురు శుద్ధి కర్మాగారాల నుండి వచ్చే వాయువులపై సూర్యకాంతి పడి ఓజోను పుడుతున్నదని ఆరీ హాగెన్‌స్మిట్ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించినాడు. వంచి కట్టిన రబ్బరు ముక్క ఎంతసేపటికి పగులుతుందో చూచి గాలిలోని ఓజోనును కొలిచినారు! ఓజోనును అడ్డుకొనుటకు టైర్లలో మైనమును, కొన్ని రసాయనములను కలుపుతారు. చక్రం తిరిగేటప్పుడు టైరు వంగి సాగుతుంటే అవి క్రమంగా పైకి వస్తవి. కదలకుండ నిలిచిపోయిన బండికి ఈ రక్షణ సరిగా అందదు.

1946లో ఫ్రాన్సులోని మిషెలిన్ కంపెనీ పేటెంటు తీసుకొన్న రేడియల్ టైరుతో పరిస్థితి తలక్రిందులైనది. లోపల ఉక్కు తీగెల పట్టీలుగల ఈ టైరు చాలా నెమ్మదిగా అరుగుతుంది. తక్కువగా తిరిగే బండిలో గాడులు అరగకముందే రబ్బరు ముసలిదవుతుంది. పైగా టైరులోని గాలి ఒత్తిడితో ఉంటుంది గనుక ఆమ్లజని లోపలినుండి కూడ రబ్బరులోనికి చొచ్చుకొనిపోతుంది. ఉక్కు పట్టీలను అంటిపెట్టుకొన్న రబ్బరు క్షీణిస్తే ఒకనాడు వేగంలో పైపొర ఊడిపోవచ్చును. ఈ క్షీణత బయటి కంటికి కనబడదు.

2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ, పైపొరలు ఊడి ప్రమాదాలు జరిగినందున, సుమారు 65 లక్షల టైర్లను వెనుకకు పిలిచినది. తరువాత అమెరికా ప్రభుత్వపు రహదారి భద్రతా సంస్థ టైర్ల వృద్ధాప్యాన్ని శోధించినది. 2003లో ఎండలకు పేరుపొందిన ఫీనిక్స్ నగరంలో వాడిన టైర్లను సేకరించి పరీక్షించినారు. రోడ్డును తాకని స్టెప్నీ టైర్లలో కూడ క్షీణత కనబడినది. వేడిమి ఈ చర్యను త్వరపరుస్తుంది. రెంటచింతల, రామగుండం ఎండలెరిగిన మనకు ఇది పట్టించుకొనవలసిన సంగతి.

2012 సెప్టెంబరులో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో సంగీతోత్సవం నుండి యువకులను తీసుకొనివస్తున్న బస్సు ముందు టైరు పగిలి, బస్సు చెట్టుకు గుద్దుకొన్నది. ముగ్గురు మరణించినారు. ఆ టైరు వయస్సు పందొమ్మిదిన్నర ఏండ్లు. అది బస్సుకంటెను పాతది! అంత పాత టైరును వాడరాదనే చట్టం ఆనాడు లేదు. మృతులలో ఒక యువకుని తల్లి ఏండ్ల తరబడి పోరాడినది. చివరకు 2021 ఫిబ్రవరి 1 నుండి బస్సుల, లారీల ముందు చక్రాలకు పదేండ్లు దాటిన టైర్లను బ్రిటన్ నిషేధించినది.

టైరు వయస్సు తెలుసుకొనుట సులభమే. టైరు పక్కన ‘డీఓటీ’ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటవి. 3519 అని ఉంటే అది 2019వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం. ఈ అంకెలు ఒక పక్కనే ఉండవచ్చును. కనబడకపోతే రెండవ పక్క చూడవలెను. 2000కు ముందు మూడంకెలే ఉండేవి గనుక దశాబ్దం ఏదో తెలిసేది కాదు. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అయిదేండ్లు దాటినదానిని ఏటేటా నిపుణునికి చూపించి, పదేండ్లు నిండినదానిని తీసివేయవలెనని పలు టైరు కంపెనీల సలహా. బీటలు, ఉబ్బులు కనబడితే వయస్సుతో పనిలేకుండ వెంటనే చూపించవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభంగా చూపించవచ్చును. రెండు రబ్బరు బ్యాండ్లు తీసుకొని, ఒకదానిని చెక్కకు సాగదీసి తగిలించి ఆరుబయట ఉంచవలెను. రెండవదానిని మూతగల డబ్బాలో దాచవలెను. కొన్ని వారాల పిదప రెంటిని సాగదీసి పోల్చి చూస్తే ఏది పగిలినదో, ఏది నిలిచినదో విద్యార్థులే చెప్పగలరు. ఆ రెంటిలో ఒక్కటీ రోడ్డుమీద అరగలేదు. అరగనంత మాత్రాన రబ్బరు కొత్తదిగా ఉండదని అదే సాక్ష్యం.