గ్రంథాలయోద్యమం: ఊరి సంఘాలకు అండగా నిలిచిన సంఘం

ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914 ఏప్రిల్ 10న విజయవాడలో పుట్టింది. అప్పటికే తెలుగు ఊళ్లలో చదువుకున్న యువకులు కొందరు చందాలు వేసుకుని, పుస్తకాలు పోగుచేసి, ఎవరింటి అరుగు మీదో ఒక బీరువా పెట్టి గ్రంథాలయాలు నడుపుతున్నారు. వాళ్లకు జీతం లేదు, సర్కారు సాయం లేదు. ఒక ఊరి గ్రంథాలయం సంగతి పక్క ఊరికి తెలియదు. ఇలాంటి చిన్న చిన్న సంఘాలన్నిటినీ ఒక్క తాటి మీదికి తెచ్చి, వాటిని నడిపే కార్యకర్తలకు అండగా నిలవడమే కొత్త సంఘం పెట్టుకున్న పని. ఒక ప్రాంతంలోని గ్రంథాలయాలన్నీ కలిసి ఏర్పరచుకున్న సంఘాల్లో దేశం మొత్తం మీద ఇదే మొదటిది.

తొలి గ్రంథాలయాలు

తెలుగునాట పౌర గ్రంథాలయాల చరిత్రను సాధారణంగా 1886లో విశాఖపట్నంలో వెలసిన సరస్వతీ గ్రంథాలయంతో మొదలుపెడతారు. 1897లో భీమవరం దగ్గరి కుముదవల్లిలో భూపతిరాజు తిరుపతిరాజు ఒక గ్రంథాలయాన్ని నెలకొల్పి, దానికి వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం అని పేరు పెట్టారు. కందుకూరి వీరేశలింగం అప్పటికి జీవించే ఉన్నారు. సంస్కరణ మాట పట్నాలు దాటి పల్లెల దాకా ఎంతగా వెళ్లిందో ఆ పేరే చెబుతుంది. రాజమండ్రిలో నాళం కృష్ణారావు 1898లో నాటిన మొక్క తరువాతి కాలంలో గౌతమీ గ్రంథాలయమై విస్తరించింది.

నిజాం రాజ్యంలో కథ మరోలా సాగింది. అక్కడ రాజభాష ఉర్దూ. బడిలోనూ కచేరీలోనూ తెలుగుకు చోటు లేదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు తదితరులు కలిసి స్థాపించిన సంస్థకు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అని పేరు పెట్టారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వెలిశాయి. పుస్తకాలు దాచే చోటుకు భాషానిలయం అని పేరు పెట్టడంలో ఒక ఉద్దేశం ఉంది. బయట నిలువ నీడలేని భాషకు అది ఇల్లు.

ఆ దశకాల్లో గ్రంథాలయాలు ఇలా వరసగా మొలకెత్తడానికి కారణాలు లేకపోలేదు. అచ్చుయంత్రాలు పెరిగి తెలుగు పుస్తకాల ధర దిగింది. పత్రికలు తపాలాలో పల్లెలకు చేరసాగాయి. 1906లో ఏర్పడ్డ విజ్ఞానచంద్రికా మండలి చరిత్రనూ సైన్సునూ తేలిక తెలుగులో అచ్చువేసి చవకగా అందించింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి, విజయవాడ, మచిలీపట్నాల్లో చేసిన ఉపన్యాసాలు కుర్రకారును కదిలించాయి. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. ఊరికి ఏదో ఒకటి చేయాలన్న తపన యువకుల్లో ఉంది, చేతికందే పని కావాలి. గ్రంథాలయం అలాంటి పని. భూమి అక్కర్లేదు, పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, సర్కారు దానిని వెంటనే అనుమానించదు.

ఒక ఊరి గ్రంథాలయం

ఆనాటి పల్లె గ్రంథాలయం చాలా చిన్నది. ఒక గది లేదా ఒక వసారా, ఒక చెక్క బీరువా, రెండు బల్లలు, ఒక చాప, ఒక లాంతరు. పొలం పనులు ముగిసిన తరువాత, దీపాలు పెట్టే వేళకు తలుపు తెరుచుకునేది. తపాలాలో వచ్చిన పత్రికను చదువు వచ్చిన ఒకరు గొంతెత్తి చదివితే, చాప మీద కూర్చున్న పదిమందీ వినేవారు. అర్థం కానిచోట ఆపి అడిగేవారు. అక్షరం రానివారికి కూడా గ్రంథాలయంలో పని ఉండేది ఇందువల్లే. చాలాచోట్ల ఆ చదువరే రాత్రి బడి పెట్టి నలుగురికి ఓనమాలు దిద్దించేవాడు. హరికథలు, పురాణ కాలక్షేపాలు, ఉపన్యాసాలు కూడా ఆ ఆవరణలోనే జరిగేవి.

ఇదంతా ఒకరిద్దరి ఓపిక మీద నడిచేది. పుస్తకాలకు అట్టలు వేసేది, పద్దు రాసేది, తీసుకెళ్లిన పుస్తకం తిరిగి రాకపోతే ఇంటికి వెళ్లి అడిగేది, లాంతరులో కిరసనాయిలు పోసేది అన్నీ వాళ్లే. నెల చందాలు, దాతల విరాళాలు ఖర్చులకు ఆధారం. బలహీనత కూడా అక్కడే ఉంది. గ్రంథాలయం నడిపే కుర్రవాడికి పట్నంలో ఉద్యోగం దొరికినా, ఊళ్లో పార్టీలు పుట్టినా, పుస్తకాలు తిరిగి రాకపోయినా బీరువాకు తాళం పడేది. పైగా ఈ సంస్థలు మొదట్లో ఎక్కువగా చదువు అందిన కులాల చేతుల్లోనే ఉండేవి. గ్రంథాలయం అందరిదీ అనిపించుకోవాలంటే తలుపు తీసి ఉంచడం చాలదు, పుస్తకమే మనిషిని వెతుక్కుంటూ వెళ్లాలి అన్న మాట ఉద్యమంలో క్రమంగా బలపడింది.

1914 నాటి సభ

విజయవాడలో 1911లో ఏర్పడ్డ రామమోహన ధర్మపుస్తక భాండాగారం ఈ సభకు వేదిక అయింది. సభ వెనుక ఇద్దరు ముఖ్యులు ఉన్నారు: అయ్యంకి వెంకటరమణయ్య, సూరి వెంకట నరసింహశాస్త్రి. అయ్యంకి 1890లో తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో పుట్టారు. ఇరవై ఏళ్లకే మచిలీపట్నంలో ఆంధ్రభారతి సచిత్ర మాసపత్రికను నడిపారు. తరువాత జీవితమంతా గ్రంథాలయాలకే ఇచ్చారు. ఊరూరా ఉన్న గ్రంథాలయాల ప్రతినిధులను ఒకచోట కూర్చోబెడితే ఒకరి అనుభవం మరొకరికి పనికొస్తుందన్నది ఆ ఇద్దరి ఆలోచన.

సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. చిన్నప్పటి నుంచే రేచీకటితో బాధపడి, రాత్రిపూట ఇతరులు చదివి వినిపిస్తే పాఠాలు నేర్చుకున్న రచయిత ఆయన. మరొకరి గొంతు ద్వారా పుస్తకం ఎంత చేరువవుతుందో ఆయనకు అనుభవంలో ఉన్న విషయం. గ్రంథాలయ ప్రతినిధుల తొలి సభకు అంతకంటే తగిన అధ్యక్షుడు దొరకడం కష్టం.

ఆ రోజు ఏర్పడ్డ సంఘం ఊరి గ్రంథాలయాల మీద పెత్తనం చేయలేదు. ఏ ఊరి సంస్థ ఆ ఊరి చేతిలోనే ఉండేది. సంఘం అందించిన సాయం ప్రధానంగా నాలుగు రకాలు. మొదటిది సభలు. ఏటా ఒక్కోచోట జరిగే సభల్లో దూరపు పల్లె కార్యకర్త తనలాంటి వాళ్లు ఇంకా ఎందరో ఉన్నారని కళ్లారా చూసేవాడు. రెండవది పత్రిక. అయ్యంకి సంపాదకత్వంలో వెలువడిన గ్రంథాలయ సర్వస్వం ఏ ఊళ్లో కొత్త గ్రంథాలయం తెరిచారో, ఎక్కడ ఎలా నడుస్తోందో, పుస్తకాలను ఎలా వర్గీకరించాలో రాసేది. తన ఊరి పేరు అచ్చులో చూసుకోవడం జీతం లేని మనిషికి దక్కే గౌరవం. మూడవది గ్రంథాలయ యాత్రలు. సంఘం పెద్దలు జట్లుగా పల్లెలు తిరిగి, ఉన్న గ్రంథాలయాలను చూసి, లేనిచోట పెట్టించి, మూతపడినవాటిని తెరిపించే ప్రయత్నం చేసేవారు. నాలుగవది శిక్షణ. పద్దు రాయడం, జాబితా తయారు చేయడం, పుస్తకాలను భద్రపరచడం వంటి పనులు నేర్పే తరగతులు ఆ తరువాత మొదలయ్యాయి.

ఈ పని తెలుగునాటతో ఆగలేదు. అయ్యంకి చొరవతో 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. ఆ రోజుల్లో సంస్థానాల్లో గ్రంథాలయ వ్యవస్థకు మేటి అయిన బరోడా నుంచి కుడాల్కర్ వచ్చి అధ్యక్షత వహించారు. ఇప్పుడు దేశమంతటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు ఆ సభ తేదీతోనే మొదలవుతాయి.

పడవ మీద పుస్తకాలు

1930ల నాటికి ఉద్యమంలో రెండో తరం వచ్చింది. వారిలో ముఖ్యుడు గుంటూరు జిల్లా పెదపాలేనికి చెందిన పాతూరి నాగభూషణం. ఊళ్లో సేవాశ్రమం స్థాపించి, చుట్టుపక్కల పల్లెలకు కార్యకర్తల ద్వారా పుస్తకాలు పంపే పద్ధతి పెట్టారు. ఇంటి గడప దాటని ఆడవారికి పుస్తకం చేరింది ఈ దారిలోనే. పుస్తకం ఇవ్వడానికి వచ్చిన మనిషి కిందటిసారి ఇచ్చింది వెనక్కి తీసుకుని, ఈసారి ఏం కావాలో అడిగి వెళ్లేవాడు.

అదే బాటలో 1935లో పడవ గ్రంథాలయం మొదలైంది. అప్పట్లో కృష్ణా డెల్టాలో ప్రయాణాలకూ సరుకుల రవాణాకూ కాలువలే రోడ్లు. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ నెమ్మదిగా సాగేది, లాకుల దగ్గర గంటల కొద్దీ ఆగేది. పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య తిరిగే పడవలో పుస్తకాలు ఉంచారు. ప్రయాణికుడు ఎక్కి, ఒక పుస్తకం తీసుకుని, దిగేలోపు చదివి అక్కడే పెట్టి వెళ్లేవాడు. కొత్త భవనం కట్టలేదు, కొత్త సమయం అడగలేదు. మనుషులు ఊరికే కూర్చునే చోటునూ సమయాన్నీ గమనించి పుస్తకాన్ని అక్కడికి చేర్చారు. ఊరి సంగతి ఊరివాళ్లకే బాగా తెలుస్తుందన్న నమ్మకానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఆ ఉద్యమంలో అరుదు.

ఈ దశలో సంఘానికి పెద్దదిక్కు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1908లోనే స్వరాజ్య పత్రికలో రాసిన రాతకు జైలుకెళ్లిన నాయకుడు ఆయన. చాలాకాలం సంఘానికి అధ్యక్షత వహించి, గ్రంథాలయాన్నీ వయోజన విద్యనూ విడదీయకూడదని పట్టుబట్టారు. జాతీయోద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో కార్యకర్తల్లో చాలామంది రెండు పనులూ చేసేవారు. వాళ్లు జైళ్లకు వెళ్లినప్పుడు గ్రంథాలయాలు మూతపడడం, తిరిగి వచ్చాక తెరుచుకోవడం ఆ కాలంలో మామూలే.

వేటపాలెంలోని సారస్వత నికేతనం ఈ రెండు ప్రవాహాలు కలిసిన చోటు. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠి, ఆయన మిత్రులు హిందూ యువజన సంఘంగా దీన్ని మొదలుపెట్టారు. 1929లో గాంధీజీ వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఆ రాకలో విరిగిన ఆయన చేతికర్రను అక్కడ భద్రపరిచారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల పత్రికల సంపుటాలు, పంచాంగాలు పరిశోధకులను ఇప్పటికీ ఆ చిన్న ఊరికి రప్పిస్తాయి.

తెలంగాణలో

నిజాం రాజ్యంలో గ్రంథాలయం నడపడానికి ఓపికతో పాటు ధైర్యం కూడా కావాలి. 1921లో ఏర్పడ్డ ఆంధ్ర జనసంఘం పల్లెల్లో గ్రంథాలయాలు, పాఠశాలలు పెట్టించడాన్ని తన ముఖ్య కార్యక్రమాల్లో చేర్చుకుంది. మాడపాటి హనుమంతరావు ఈ పనికి వెన్నెముక. అయితే సభ జరపాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలని గస్తీ నిషాన్ తిర్పన్, అంటే 53వ నంబరు ఉత్తర్వు, ఆంక్ష పెట్టింది. రాజకీయ సభకు దారి మూసుకుపోయినచోట గ్రంథాలయ వార్షికోత్సవమే జనం కలుసుకునే సందర్భమైంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగే నాటికి, దానికి అవసరమైన మనుషులను ఈ గ్రంథాలయాలే తయారు చేసి ఉంచాయి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, అచ్చువేసిన పుస్తకాలను స్వయంగా ఊరూరా మోసుకెళ్లి అమ్మారు. పుస్తకాన్ని ఇంటింటికీ చేర్చాలన్న పట్టుదల కృష్ణా డెల్టాలో ఎంత ఉందో అక్కడా అంతే ఉంది.

చట్టం వచ్చాక

స్వచ్ఛంద సేవ మీదే గ్రంథాలయాలు ఎల్లకాలం నడవలేవని సంఘం పెద్దలు అనుభవంతో తెలుసుకున్నారు. ఆస్తిపన్ను మీద కొంత గ్రంథాలయ పన్నుగా వసూలు చేసి ప్రజా గ్రంథాలయాలకు ఇవ్వాలని అడుగుతూ వచ్చారు. 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇలాంటి చట్టాల్లో ఇదే మొదటిది. హైదరాబాదు రాష్ట్రం 1955లో తన చట్టం చేసుకుంది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయాల చట్టం అమలులోకి వచ్చింది. జిల్లాకో గ్రంథాలయ సంస్థ ఏర్పడింది. పల్లెల్లో శాఖా గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలు తెరుచుకున్నాయి. ఆస్తిపన్ను మీద వసూలు చేసే సెస్సు వాటికి ఆధారమైంది.

దీనివల్ల లాభం పెద్దది. గ్రంథపాలకుడికి జీతం, పుస్తకాలకు నిధి, తలుపు తెరవడానికి ఒక వేళ ఏర్పడ్డాయి. ఒక కుర్రవాడు ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన గ్రంథాలయం మూతపడే స్థితి తప్పింది. మరోవైపు చాలా ఊళ్లు తాము పోషించిన గ్రంథాలయాలను జిల్లా సంస్థలకు అప్పగించాక, వాటి మీద ఊరివాళ్ల పట్టు తగ్గింది. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసిన సెస్సును సకాలంలో జమ చేయకపోవడం ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి ఉన్న సమస్య. అడిగే జట్టు ఊళ్లో లేనిచోట ఆ బాకీ పేరుకుపోతూనే ఉంటుంది.

ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం తరువాత ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ సంఘంగా మారింది. విజయవాడలో దాని నిలయానికి గాడిచర్ల పేరు మీద సర్వోత్తమ భవనం అని పేరు పెట్టారు. పాతూరి నాగభూషణం కార్యదర్శిగా దశాబ్దాల పాటు సంఘాన్ని నడిపి, గ్రంథపాలకులకు శిక్షణ ఇచ్చే పాఠశాలను నిలబెట్టారు. జీతం లేని కార్యకర్తల కోసం మొదలైన శిక్షణే జీతం తీసుకునే గ్రంథపాలకుల వృత్తి విద్యకు దారి వేసింది. అయ్యంకికి 1972లో పద్మశ్రీ వచ్చింది. 1979లో ఆయన కన్నుమూసే నాటికి, ఆయన యువకుడిగా ఉన్నప్పుడు అరుగుల మీద మొదలైన పని రాష్ట్రమంతటా చట్టం అండ ఉన్న వ్యవస్థగా స్థిరపడింది.