వాసనకి ఓనరు ఎవరు?

లాంకోమ్ వాళ్ళ ట్రెజోర్ అనే సెంటు 1990లో వచ్చింది. అంటే నాకంటే పెద్దది. మా ఆఫీసులో నా వయసు వాళ్ళు దాన్ని "ఆంటీల సెంటు" అంటారు. అనుకోనీండి. ఆ తర్వాత వచ్చిన పళ్ళ వాసన సెంట్లు సగం నాకు షాంపూలా అనిపిస్తాయి, ఇది అనిపించదు. కొట్టుకోగానే బాగా పండిన పీచ్ పండు, దాని వెనకాలే గులాబీ, ఓ గంట పోయాక పౌడరు డబ్బా మూత తీసినట్టు ఓ మెత్తటి వాసన. సాయంత్రానికి చున్నీలో ఉతికిన బట్టల్లాంటి కస్తూరి వాసన ఒక్కటే మిగుల్తుంది. మే నెలలో ఒక్కసారి కొట్టుకుంటే చాలు, రెండోసారి కొడితే లిఫ్టులో పక్కవాళ్ళని చంపినంత పాపం. పీచ్ పండు తినని వాళ్ళు ఖుబానీ కా మీఠా గిన్నెని తలుచుకోండి, ఆప్రికాట్ దానికి దగ్గర చుట్టమే.

ఈ సెంటుని పొగడటం ఇంతటితో ఆపేస్తాను. అసలు నేను చెప్పాలనుకున్నది దీని చుట్టూ నడిచిన కోర్టు కేసుల గురించి. "వాసన ఎవరి ఆస్తి?" అన్న ప్రశ్న మీద ఐరోపా కోర్టులు ఒకదానికొకటి అడ్డంగా మాట్లాడింది ఈ సీసా పుణ్యమానే.

కాస్త వెనక్కెళ్దాం. మల్లె, గులాబీల్లోంచి తీసినట్టు పీచ్ పండులోంచి అత్తరు తీయడం కుదరదు. ఆ వాసన సెంట్లలోకి వచ్చింది ప్రయోగశాల నించి. 1908లో జుకోవ్, షెస్తకోవ్ అనే రష్యన్ రసాయన శాస్త్రవేత్తలు గామా అండెకాలాక్టోన్ అనే పదార్థాన్ని తయారు చేశారు. దానికి వ్యాపారంలో పెట్టిన పేరు "ఆల్డిహైడ్ సి-14". తమాషా ఏంటంటే అది ఆల్డిహైడూ కాదు, దాన్లో పద్నాలుగు కార్బన్లూ లేవు, ఉన్నవి పదకొండు. మనవాళ్ళు కోడ్‌లో వేరియబుల్‌కి ఒక పేరు పెట్టి అందులో ఇంకోటి దాస్తారు చూడండి, అదే పద్ధతి! 1919లో జాక్ గెర్లాన్ దాన్ని మిత్సుకో అనే సెంటులో వాడాడు. సెంట్లలో పీచ్ పండు కథ నిలదొక్కుకుంది అక్కడే. క్లోద్ ఫారేర్ నవలలో ఒక జపాన్ పాత్ర పేరు అది.

ట్రెజోర్ చేసినావిడ సోఫియా గ్రోజ్‌మన్. బెలారుస్‌లో పుట్టి అమెరికా వచ్చి, ఐ.ఎఫ్.ఎఫ్. కంపెనీలో పనిచేశారు. దీనికి ముందే వైట్ లినెన్ (1978), పారిస్ (1983) ఆవిడ చేతి నించి వచ్చినవే. (1952లోనే లాంకోమ్ ఇదే పేరుతో ఒక సెంటు అమ్మింది, దానికీ దీనికీ సంబంధం లేదు, పేరు ఒక్కటే మళ్ళీ వాడుకున్నారు.) ఆవిడ ఫార్ములా చూస్తే ఇంజనీరుకి ముచ్చటేస్తుంది. దాదాపు 80 శాతం నాలుగే పదార్థాలు: వయొలెట్ పూల వాసనుండే మిథైల్ అయొనోన్, మల్లెల గాలిలాంటి హెడియోన్, చెక్క వాసన ఉండీ లేనట్టుండే ఐసో ఇ సూపర్, ఉతికిన బట్టల కస్తూరి గెలాక్సోలైడ్. మిగతా 20 శాతంలోనే పీచూ గులాబీ వగైరా అన్నీ. అంతకుముందు సెంటు అంటే మామూలుగా ఎన్నో పదార్థాలు కలిపి పైన ఒకటి, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి అని పేర్చేవాళ్ళు. ఈవిడ నాలుగు లైబ్రరీలు పట్టుకుని మొత్తం అప్లికేషన్ కట్టేసింది.

ఇక్కడే చిక్కు. కొత్త అణువు కనిపెడితే పేటెంటు ఇస్తారు. పేరుకి ట్రేడ్‌మార్కు, సీసా ఆకారానికి డిజైన్ హక్కు ఉంటాయి. మరి వాసనకి? ఏమీ లేదు. ఫార్ములా రహస్యంగా దాచుకోవడం ఒక్కటే దారి. గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రాలు వచ్చాక ఆ రహస్యం కూడా పోయింది. సీసా కొని యంత్రంలో పెడితే చాలావరకు చిట్టా చేతికొస్తుంది. మన భాషలో చెప్పాలంటే డీకంపైలర్.

నెదర్లాండ్స్‌లో కెకోఫా అనే కంపెనీ "ఫిమేల్ ట్రెజర్" అని చాలా చవగ్గా ఒక సెంటు అమ్మింది. లాంకోమ్ కోర్టుకెళ్ళింది. పరీక్షల్లో తేలిందేమంటే ట్రెజోర్‌లో వాసననిచ్చే 26 పదార్థాల్లో 24 అందులోనూ ఉన్నాయి. 2006 జూన్ 16న డచ్ సుప్రీంకోర్టు, వాసనకి కూడా కాపీరైటు ఉండొచ్చు అని తేల్చేసింది. సీసాలో ద్రవానికి కాదండోయ్, వాసనకి! మరి సెంటు కొట్టుకుని బజారుకెళ్తే అందరికీ పంచినట్టే కదా, అది పైరసీ కాదా? ఆ కోర్టుకీ ఈ అనుమానం వచ్చింది. మామూలుగా వాడుకుంటేనే వాసన వ్యాపిస్తుంది కాబట్టి కాపీరైటు రూల్సన్నీ దీనికి అతకవు అని చెప్పి బయటపడింది.

విచిత్రం చూడండి, సరిగ్గా మూడు రోజుల ముందు, జూన్ 13న, సెంట్లకి పుట్టిల్లయిన ఫ్రాన్సులో అత్యున్నత న్యాయస్థానం దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చెప్పింది. సెంటు చేయడం పనితనమే తప్ప కళాసృష్టి కాదు, కాపీరైటు లేదు పొమ్మంది. ఒక వడ్రంగి నైపుణ్యంలాగా అన్నమాట.

నాకు రెండు తీర్పులూ నచ్చలేదు. ఫ్రెంచి వాళ్ళది గ్రోజ్‌మన్ లాంటి మనిషికి అవమానం. డచ్ వాళ్ళది చూడ్డానికి కళాకారుల పక్షంలా ఉంటుంది గానీ, కోర్టుకెళ్ళింది ఎవరు? లాంకోమ్. గెలిచింది ఎవరు? లాంకోమ్. గ్రోజ్‌మన్ పేరు సీసా మీద కూడా లేదు. చేసినవాళ్ళ పేరు సీసా మీద వేయడం 2000లో ఫ్రెడరిక్ మాల్ తన కంపెనీలో పెట్టుకున్న పద్ధతి, పెద్ద బ్రాండ్లలో ఇప్పటికీ అరుదే. నేను రాసే కోడు కూడా అంతే లెండి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టిన రోజే అది నాది కాకుండా పోయింది. కాబట్టి "సృష్టికర్త హక్కులు" అని ఏ కంపెనీ వకీలైనా గొంతు చించుకుంటే నాకు నవ్వొస్తుంది.

గొడవ అక్కడితో ఆగలేదు. ట్రెజోర్‌ని పోలిన "లా వాలర్" లాంటి చవక సెంట్లు బ్రిటన్‌లో అమ్మేవాళ్ళు, ఏది దేనికి నకలో చెప్పే పట్టిక కూడా దుకాణదారులకి ఇచ్చేవాళ్ళు. 2009లో ఐరోపా న్యాయస్థానం ఆ పట్టికని తప్పుపట్టింది. అంటే వాసన పోలినందుకు కాదు, పేరు వాడుకున్నందుకు. ఆ తర్వాత 2018 నవంబరు 13న ఒక డచ్ చీజు కేసులో, రుచిని కచ్చితంగా, అందరికీ ఒకేలా గుర్తించే వీల్లేదు కాబట్టి కాపీరైటు లేదని అదే న్యాయస్థానం తేల్చింది. ఆ తర్కం వాసనకీ అతుకుతుంది. అలా డచ్ తీర్పుకి గాలి తీసేసినట్టయింది.

మన చార్మినార్ దగ్గర అత్తరు కొట్లలో ఈ గొడవలేం లేవు. బ్రాండు పేరు చెప్తే చాలు, గాజు బుడ్డీ తీసి చేతి మీద రాస్తారు. నేను కుడిచేతికి అసలుదీ ఎడమచేతికి బుడ్డీదీ రాసుకుని మా అమ్మ ముందు పెట్టాను. మొదటి గంట తేడా తెలీలేదంది. మధ్యాహ్నానికి ఎడమచేతి మీద పీచ్ పండు ఉంది గానీ ఆ పౌడరు రాలేదు, సాయంత్రానికి అంతా కలిసి ఉత్త తీపి. నకలు కొట్టినవాళ్ళు వాసనని కొట్టారు, అది నడిచే దారిని కొట్టలేకపోయారు.

2025 నవంబరులో మన దేశంలో మొదటిసారి ఒక వాసనని ట్రేడ్‌మార్కుగా ప్రకటించడానికి అంగీకరించారు. జపాన్‌కి చెందిన సుమిటోమో రబ్బర్ వాళ్ళ టైర్లకుండే గులాబీ వాసన అది. మన చట్టం ప్రకారం ట్రేడ్‌మార్కుని బొమ్మగానో రాతగానో చూపించగలగాలి కాబట్టి, అలహాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్ళు ఆ వాసనని ఏడు అంకెల వెక్టరుగా గీసిచ్చారు: పూలు, పళ్ళు, చెక్క, తీపి, ఇలా ఏడు దిక్కులు. చదవగానే ఎగిరి గంతేశాను, ఎంత బావుందో ఐడియా! తర్వాత నా చున్నీ వాసన చూసుకుంటే అనుమానమొచ్చింది. టైరుకి సరే, కానీ ఉదయం పండూ సాయంత్రం కస్తూరీ అయ్యే ట్రెజోర్‌కి ఏ గంటలో కొలిచిన అంకెలు రాస్తారు?