పింగ్ అందిందా?

విజయవాడ, ఆదివారం మధ్యాహ్నం. ఏసీ ఉన్నది ఒక్క గదిలోనే కాబట్టి మూడు మెషిన్లూ అక్కడికే చేరాయి. బల్ల కింద పాత డెస్క్‌టాప్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక తమ్ముడు దాంట్లో ఉబుంటు వేశాడు. మంచం మీద అక్క విండోస్ 11 ల్యాప్‌టాప్, కిటికీ దగ్గర బావగారి మ్యాక్‌బుక్. ఇంటి ఫొటోలన్నీ డెస్క్‌టాప్‌లోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పట్టుకుని అటూ ఇటూ తిరగకుండా అవి మిగతా రెండిట్లోనూ తెరుచుకోవాలి. మీరు తమ్ముడి కుర్చీ వెనక నిలబడండి, స్క్రీన్ బాగా కనబడుతుంది.

టెర్మినల్‌లో సాంబా ఇన్‌స్టాల్ అవుతోంది. విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతి ఎస్‌ఎంబీ. దాన్ని లైనక్స్‌కి పట్టించే ప్రోగ్రామ్ ఇది. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా విద్యార్థి ఆండ్రూ ట్రిడ్జెల్, నెట్‌వర్క్ మీద పోయే ప్యాకెట్లను గమనించి 1992లో మొదటి వెర్షన్ బయటపెట్టాడు. ఆపిల్ కూడా 2013లో మావెరిక్స్‌తో ఎస్‌ఎంబీ2కే పెద్దపీట వేసింది. అంటే ఈ మూడింటికీ మాటలు కలుస్తాయి. చిక్కులన్నీ వేరే చోట ఉన్నాయి.

"బావగారూ, ఫైండర్‌లో కమాండ్, కె కలిపి నొక్కండి."

ఎస్‌ఎంబీ, కోలన్, రెండు స్లాష్‌లు, డెస్క్‌టాప్ అడ్రస్ 192.168.1.20. పాస్‌వర్డ్ అడుగుతోంది. బావగారు ఉబుంటు లాగిన్‌దే కొడతారు. తప్పంటుంది. మళ్లీ కొడతారు, ఈసారి ఒక్కో అక్షరం పైకి చదువుతూ. అయినా తప్పే. లాగిన్ పాస్‌వర్డ్‌తో సాంబాకి పని లేదు, దాని జాబితా దానిది. తమ్ముడు ఎస్‌ఎంబీపాస్‌వర్డ్ కమాండ్‌తో యూజర్ పేరు విడిగా చేరుస్తాడు. మ్యాక్‌లో ఫోల్డర్లు బిలబిలా వచ్చేస్తాయి.

"నాదాంట్లో ఎందుకు రాలేదురా?" అక్క మొహం చిన్నబుచ్చుకుంటుంది.

తమ్ముడు సెట్టింగుల జోలికి పోకుండా ముందు పింగ్ కొడతాడు. అడ్రస్ అందుతోందో లేదో చూడకుండా పాస్‌వర్డులు మార్చుకుంటూ కూర్చునేవాళ్లే ఎక్కువ. ఈ కుర్రాడి వరసే మంచిది. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. మళ్లీ అదే.

"అక్కా, నువ్వు గెస్ట్ వైఫైలో ఉన్నావేమో చూడు."

ఉంది. చుట్టాలకిచ్చే వైఫైలో ఇంటర్నెట్ వస్తుంది గానీ ఇంట్లో మెషిన్లు కనబడవు. రూటర్ ఆ పని కావాలనే చేస్తుంది. వైఫై మార్చగానే పింగ్ అందింది. కానీ ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ నొక్కితే డెస్క్‌టాప్ పేరు లేదు.

"మా ఆఫీసులో ఎస్‌ఎంబీ1 ఆన్ చేస్తే కనబడేది" అంటారు బావగారు.

కనబడే మాట నిజమే. అయితే 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ లోకమంతా పాకింది ఆ ఎస్‌ఎంబీ1లోని లోపం పట్టుకునే. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. తమ్ముడు తల అడ్డంగా ఊపి, అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి అదే నంబరు వేస్తాడు. తెరుచుకుంది. జాబితాలో పేరు కూడా కావాలంటే డెస్క్‌టాప్‌లో డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రామ్ వేస్తే చాలు.

"ఇదేంట్రా, గృహప్రవేశం ఫోల్డర్‌కి పిచ్చి పేరొచ్చింది?"

లైనక్స్‌లో దాని పేరు 'గృహప్రవేశం 10:24'. ముహూర్తంతో సహా పెట్టారు. విండోస్ పేర్లలో కోలన్ ఒప్పుకోదు కాబట్టి సాంబా ఏదో పొట్టి పేరు తగిలించింది. కోలన్ తీసి చుక్క పెట్టగానే సర్దుకుంది.

ఇక కాపీ. మ్యాక్‌నీ కేబుల్‌తోనే కలిపారు, అయినా సెకనుకి 11 ఎంబీ దాటడం లేదు. 60 జీబీకి గంటన్నర. 11 అనగానే అనుమానించాల్సింది కేబుల్‌నే. లోపల ఎనిమిది తీగలుంటాయి. 100 మెగాబిట్లకి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింట్లో ఒక్కటి తెగినా వేగం పదో వంతుకి పడిపోతుంది, పని మాత్రం ఆగదు. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు. వంగి చూడండి, డెస్క్‌టాప్ కేబుల్ బీరువా కాలి కింద నలిగి ఉంది. కొత్త క్యాట్ 6 పెట్టాక 100 ఎంబీ దాటింది. పది నిమిషాల పని.

మీ ఇంట్లోనూ ఇలా కలుపుకుంటే, ఫైళ్లున్న మెషిన్‌కి రూటర్‌లో ఒకే అడ్రస్ ఖాయం చేయండి. ఎస్‌ఎంబీ వాడే 445 పోర్టును మాత్రం, ఎవరు చెప్పినా సరే, ఇంటర్నెట్ వైపు తెరవకండి.