ఎలుకకు పనిచేసిన పసుపు

ఆళ్లగడ్డ దాటి కడప జిల్లాలోకి వెళ్తే మైదుకూరు. ఆ ఊరి పేరుతోనే ఒక పసుపు రకం ఉంది. కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగుపెట్టే సీమ ఇది. ఇటు పాములపాడు పల్లెలోనైనా అటు నంద్యాల పట్టణంలోనైనా, యాంటీబయాటిక్ సూదుల నుంచి పసుపు కిడ్నీలను కాపాడుతుందంటే ఇట్టే నమ్ముతాం. కానీ ఆ మాట మన పోపులపెట్టెలో పుట్టింది కాదు, ప్రయోగశాలలోని ఎలుకల బోనులో పుట్టింది.

పసుపులోని రంగు పదార్థం కర్క్యుమిన్‌ను 1815లో వోగెల్, పెల్టియే వేరుచేశారు. దాని అణు నిర్మాణం తేలేసరికి 1910 అయింది. వాపును తగ్గించే గుణం ఉందని 1973లో లక్నో శాస్త్రవేత్తలు శ్రీమల్, ధావన్ చూపించారు. గాయాలు మాన్పే పసుపు మీద 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. ఆ గెలుపు పసుపు పరువు పెంచింది. దాంతోపాటే ఆశలూ పెరిగాయి.

యాంటీబయాటిక్‌లది మరో దారి. 1943లో దొరికిన స్ట్రెప్టోమైసిన్ క్షయను లొంగదీసింది గానీ కొందరి వినికిడి పోగొట్టింది. నియోమైసిన్ కిడ్నీలను ఎంతగా దెబ్బతీసిందంటే దాన్ని సూదిగా ఇవ్వడమే మానేశారు. 1963లో వెలుగులోకి వచ్చిన జెంటామైసిన్ చవక, గట్టి మందు. అది మూత్రపిండాల సన్ననాళాల కణాల్లో పేరుకుని వాటిని చంపుతుంది. వారం దాటేసరికి కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో పెరగడం మొదలవుతుంది.

ఈ రెండు దారులూ 2000 తర్వాత కలిశాయి. 2006లో నైజీరియా పరిశోధకులు ఫరోంబి, ఎకోర్ జెంటామైసిన్ ఇచ్చిన ఎలుకలకు కర్క్యుమిన్ పట్టించి, కిడ్నీలకు జరిగే ఆక్సీకరణ నష్టం తగ్గిందని చూపించారు. ఆ తర్వాత అలాంటి పత్రాలు వరస కట్టాయి. ఎలుకలో ఫలితం నిజమే. చిక్కంతా మోతాదులో ఉంది.

ఈ ప్రయోగాల్లో కిలో బరువుకు 200 మిల్లీగ్రాముల దాకా ఇవ్వడం మామూలు. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు సుమారు ఆరో వంతుకు తగ్గిస్తారు. ఆ లెక్కన 60 కిలోల మనిషికి రోజుకు 2 గ్రాముల కర్క్యుమిన్ కావాలి. పసుపులో అది నూటికి మూడు పాళ్లనుకున్నా, 65 గ్రాముల పొడి మింగాలి! పోనీ మింగినా ఒంటబట్టదు. 1998లో బెంగళూరులో వలంటీర్లకు సరిగ్గా 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే రక్తంలో దాని జాడే దాదాపు లేదు. మిరియాల్లోని పైపరిన్ కలిపితే 20 రెట్లు పెరిగిందన్నారు. ఆ మాట పట్టుకుని కంపెనీలు మాత్రలు చేశాయి. 2022లో అమెరికా వైద్యులు పసుపు సప్లిమెంట్ల వల్ల కాలేయం దెబ్బతిన్న పది కేసులు వెల్లడించారు. అందులో ఒకరు చనిపోయారు.

జెంటామైసిన్ ముప్పును ఆసుపత్రుల్లో తగ్గించింది వేరే జాగ్రత్తలు: రోజుకు మూడుసార్లు ఇచ్చే మోతాదును ఒక్కసారిగా ఇవ్వడం, క్రియాటినిన్ చూసుకుంటూ ఉండడం, అవసరం తీరగానే సూది ఆపేయడం.