లువార్ లోయ సైకిల్ యాత్ర

ఫ్రాన్స్‌లోకెల్లా పొడవైన నది లువార్. దాని వెంట నెవేర్ పట్టణ పరిసరాల నుంచి అట్లాంటిక్ తీరం దాకా సుమారు 900 కిలోమీటర్ల మేర సాగే సైకిల్ దారిని ‘లువార్ ఆ వేలో’ అంటారు. వరదకట్టలు, రద్దీ లేని పల్లె రోడ్ల మీదుగా పోయే ఈ దారిలో ఎత్తుపల్లాలు తక్కువ కావడంతో పిల్లలూ పెద్దలూ తేలిగ్గానే తొక్కగలరు. సముద్రం వైపు వెళ్లేవారికి మాత్రం పడమటి గాలి తరచూ ఎదురవుతుంది.

ఈ యాత్రకు అసలైన ఆకర్షణ ద్రాక్షతోటలే. కొండ మీది సాన్సేర్‌లో సోవిన్యోన్ బ్లాన్ ద్రాక్ష, వూవ్రేలో షెనాన్ బ్లాన్, షినోన్‌లో ఎర్ర వైన్‌కు కాబెర్నే ఫ్రాన్, నాంత్ చుట్టూ మస్కాదే వైన్: నేల మారే కొద్దీ రుచీ మారుతుంది. ఈ లోయలోని కోటల కోసం తుఫో అనే మెత్తని సున్నపురాయిని తవ్వగా ఏర్పడిన గుహల్లో చాలావాటిని ఇప్పుడు వైన్ నిల్వకు వాడుతున్నారు. తోటలతో పాటు చరిత్రా ఉంది: దారిలోని ఆంబ్వాజ్‌లోనే లియొనార్డో డావించి 1519లో కన్నుమూశాడు. సుల్లీ నుంచి షలోన్ వరకు ఉన్న లోయను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

అంతా చుట్టెయ్యాలన్న తొందర ఈ లోయకు సరిపడదు. బ్లువా, సోమూర్‌ల మధ్య భాగాన్ని నింపాదిగా చూడటమే మేలు. ద్రాక్షకోతల వేళ వెళ్లాలనుకుంటే, అవి సాధారణంగా సెప్టెంబరులో జరుగుతాయి.